తెర కింది అక్షరాలు

కాశీబుగ్గలో, జీడిపిక్కలు ఆరబెట్టే కళ్లంలో
నాలుగు దుప్పట్లు కలిపి కుట్టి, వెదురు బొంగులకి కట్టాం.
కుట్టు నడిమధ్యకొచ్చింది.
సినిమా అంతా ఆ దేశపు ఆకాశానికి ఒక అతుకు.

దుప్పట్లు షావుకారువి. జనరేటరూ ఆయనదే.
ముందు వరసలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే, అదీ ఆయనకే.
మిగతావాళ్లం గోనెల మీద.

మొదట తెర మీద ఆకుల దండలొచ్చాయి,
దండల మధ్య ఏవో ఊర్ల పేర్లు.
"ఆ ఆకులేటి బావూ?"
"బహుమతులు. చాలా దేశాల్లో ఇచ్చారు."
"ఆకులిత్తారా?" అంది వెనకనుంచి ఎవరో.
నవ్వులు సద్దుమణిగేసరికి
మంచు కురవడం మొదలైంది.

ఢిల్లీశ్వరరావు మైకు నాకిచ్చాడు.
ఆ భాష నాకూ రాదు.
కింద పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాలు చూసి
మన మాటలో చెప్పడం నా పని.
హైస్కూల్లో ముప్పై ఏళ్లు అరిచిన గొంతు,
రెండు గంటలకి చాలదా అనుకున్నాను.

చేపలు కోసే కార్ఖానా. చేపలు కోసే మనిషి.
వయసు చెప్పలేం. మోకాళ్లదాకా రబ్బరు బూట్లు.
కత్తి పొట్టలోకి దిగి, పక్కకి తిరిగి, బయటికొచ్చేది
ఒకే ఊపులో.
ఆ ఊపుకి గోనెల మీద చేతులు కదిలాయి,
పిక్క పెట్టి, మీట నొక్కి,
గుండు బద్ద కాకుండా తీసే చేతులు.
"దినానికెన్ని కేజీలంట?"
సినిమాలో ఎవరూ చెప్పలేదు.
చెప్పనిదానికి నేనేం చెప్పను.

హౌరా వైపు గూడ్సు ఒకటి పోయింది,
యాభై ఎనిమిది పెట్టెలని పిల్లలు లెక్క తేల్చారు.
అంతసేపూ నా మాట ఎవరికీ వినబడలేదు.
ఏమన్నానని ఎవరూ అడగలేదు కూడా.

ఆఖర్న యజమాని వస్తాడు ఆవిడ గుమ్మంలోకి.
ఆవిడ పెనిమిటితో సహా మునిగిన పడవ ఆయనదే.
టోపీ తీసి, బల్ల మీద ఒక కవరు పెడతాడు.
ఆవిడ కవరు వైపు చూడదు.
కింద నాలుగు ముక్కలు వెలిగాయి:
నీ చేతులు చూపించు.

ఎర్ర కుర్చీ కిర్రుమంది.
కాలు మార్చుకున్నాడేమో, అంతే.
మైకులోంచి, నా గొంతుతోనే,
"మీ దయ బావూ" అని వచ్చింది.

జనరేటరు ఆపాక దుప్పట్లు దించుతుంటే
తవిటమ్మ వచ్చింది. వేలిముద్ర మనిషి.
ఆ ముద్రా పడదిప్పుడు. జీడి తిని గీతలు అరిగిపోయాయి,
రేషను మిషను ఆమెని ఆమె కాదంటుంది.

"మాస్టారూ, సివర్న ఆయమ్మి ఆ మాట అన్లేదు."
"అందమ్మా. కింద రాసుంది కదా."
"రాత నాకు తెల్దు. మొకం సూసినాను గదా.
దయ అన్న మాటకి గెడ్డం కిందకి దిగుతాది.
ఆయమ్మికి దిగలేదు. ఏటందో సెప్పు."

చెప్పాను.
గోనెలు దులుపుతున్న ఇద్దరు ముగ్గురు ఆగారు.
కాసేపు కప్పలు తప్ప ఏమీ లేవు.
తర్వాత, కోపం లేకుండా, వంకాయలు ఎంతకిస్తావని అడిగినట్టు,
"ఏదీ, నీ సేతులు సూపించు" అంది.

ఎవరిదో మనవరాలు సెల్లు లైటు వేసింది.
నా అరచేతులు. రిటైరై నాలుగేళ్లు, సుద్దయినా అంటలేదు.
మైకు పట్టుకున్న చోట చెమట.
నల్లటి వేలితో ఒకసారి నొక్కి చూసింది,
పిక్క పచ్చో ఎండిందో చూసినట్టు.
"మెత్తగున్నాయి" అంది. అంతే అంది.

ఇప్పుడు బట్టీలో అదో మాటైపోయిందట.
చేబదులు అడిగినా, చుట్టముక్క అడిగినా
"ముందు నీ సేతులు సూపించు" అని ఒకటే నవ్వట.
ఏంటా నవ్వని షావుకారు అడిగితే
"సినిమాలో మాట బావూ" అంటారట.
"ఏ సినిమా? నేనూ చూశాను కదా"
అంటాడట ఆయన.