ఎక్స్‌ని వదిలేయొచ్చు

ఈ రెండో సెమిస్టర్ నాకు రెండోసారి.
పోయినేడు యాభై ఒకటి దగ్గర జారిపడ్డాను.
పుస్తకం అదే. అందులో నేను గీసుకున్న పచ్చ గీతలు
ఎవరో తెలివితక్కువవాళ్లు గీసినట్టున్నాయి.

డులూత్‌లో మార్చి అంటే ఇంకా చలికాలమే.
ల్యాబు కిటికీలోంచి సుపీరియర్ సరస్సు,
ఒడ్డున గడ్డకట్టి, దూరాన నల్లగా కదులుతూ.
బోర్డు మీదా ఐసే:
మొదట ఎంత, మారింది ఎంత, చివరికి నిలిచింది ఎంత.
ఇంగ్లీషులో ఆ మూడు వరసల తొలి అక్షరాలు కలిపితే ఐస్.
లిండ్‌క్విస్ట్ మేడమ్ ఏటా ఈ జోకు వేస్తుంది.
క్లాసులో ముందుగా నవ్వింది నేనే, అనుభవం కొద్దీ.

నా బల్ల దగ్గర జోడీ రేనో కోస్కెలా.
యాభై నాలుగేళ్లు. కాగితం మిల్లు మూసేశాక
మంచినీటి శాఖలో పనికి ఈ కోర్సు కావాలట.
లాగరిథమ్ అన్న మాట
కీళ్లనొప్పుల మందులా వినిపిస్తుంది ఆయనకి.
కుడిచేతి ఉంగరపు వేలు సగమే ఉంది.
కానీ బ్యూరెట్ మర తిప్పితే
చుక్క ఆగమన్న చోట ఆగుతుంది.

నా చేతిలో ఆగదు.
ఏడింటికి పిజ్జాలు మోయాలి నేను.
ఫ్లాస్కు నిండా బీట్‌రూట్ రసం.
"ఒక్క చుక్కేగా ఎక్కువైంది" అన్నాను.
ఏమీ అనలేదు. కడిగి, మళ్లీ నింపాడు.

ఎక్స్ ఆవగింజంత అయితే వదిలేయొచ్చు.
ఇంత లావు పుస్తకంలో దయగల వాక్యం అదొక్కటే.
నేను అన్నిచోట్లా వదిలేశాను.
లైబ్రరీ జరిమానా, ఎడమవైపు పంటినొప్పి,
కిర్‌స్టెన్‌కి ఇవ్వాల్సిన నలభై డాలర్లు.

కోస్కెలా వదలడు.
క్యాంటీన్‌లో కాఫీ చల్లారిపోతుంటే
వర్గ సమీకరణం మొత్తం రాస్తాడు,
బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ,
చిన్నపిల్లాడి పెద్దపెద్ద అంకెలతో.
"ఐదు శాతం లోపయితే అక్కర్లేదు, మేడమే చెప్పింది."
"మిల్లులోనూ అదే చెప్పారు" అన్నాడు.

"గొట్టం చివర నిలబడి ఇరవై రెండేళ్లు
సీసాల్లో నీళ్లు పట్టాను.
కాయితంలో ఒకటే మాట రాయించేవారు: స్వల్పం.
సరస్సు ఎంత, మన గొట్టం ఎంత.
నిజమే. రోజూ స్వల్పమే.
ఇరవై రెండేళ్లతో ఎవరూ గుణించలేదు."

కాఫీ నోట్లో పోసుకుని మొహం చిట్లించాడు.
ఇంకేం మాట్లాడలేదు.

ఆ రాత్రి పోయినేటి పేపరు వెతికి తీశాను.
నాలుగో లెక్కలో ఎక్స్ పదకొండు శాతం.
అయినా వదిలేశాను.
పక్కన ఎర్ర సిరాతో చిన్న ప్రశ్నార్థకం.
అప్పుడు దాన్నీ వదిలేశాను.

సమతాస్థితి అంటే ఆగిపోవడం అనుకుంటూ ఏడాది గడిపాను.
అటు ఎన్ని పోతున్నాయో ఇటు అన్నీ వస్తున్నాయట,
చూసేవాళ్లకి మాత్రం ఏమీ జరగనట్టు.

ఏప్రిల్. మంచు పగిలింది.
ఇనుప రాయి కోసం వచ్చిన ఓడ
వంతెన లేపమని కూత పెట్టింది.
ల్యాబులో అందరూ కిటికీ దగ్గరికి పరిగెత్తారు.
నేను కదల్లేదు, మర మీద వేళ్లున్నాయి.

చుక్కలో సగం కూడా ఉంటుందని ఆయనే చూపించాడు:
కొసని ఫ్లాస్కు గోడకి తాకించి,
రెండు ధారల నీళ్లతో కిందికి దింపాలి.
తాకించాను. కడిగాను.
ఫ్లాస్కు కింద తెల్ల కాయితం పెట్టి చూస్తే
ఉందో లేదో అన్నంత గులాబీ.
కోస్కెలా వాళ్ల బామ్మ నేర్పిన ఫిన్నిష్‌లో
ముప్పై దాకా లెక్కపెట్టాడు.
రంగు పోలేదు.

"ఎంత?" అన్నాడు పెన్సిలు పట్టుకుని.
ఇరవై నాలుగు పాయింట్ మూడు అనబోయాను.
ఆరూ నలభై అయింది. పిజ్జాలు.
మోకాళ్లు వంచి, కళ్లు గీతకి సమానంగా తెచ్చి
మళ్లీ చూశాను.

ఇరవై నాలుగు పాయింట్ మూడు
ఏడు.