మూతి కుట్టిన సంచులు

డిసెంబరు ముప్పై, రాత్రి తొమ్మిదిన్నర.
మొరియోకాలో మంచు అడ్డంగా కురుస్తోంది.
దుకాణం నేలమాళిగలో మేం ఐదుగురం,
మూడువందల ఎర్ర సంచులు,
ఒకే ఒక్క హీటరు.
అదీ కువబారా గారి కాళ్ళవైపే తిరిగుంది.

జనవరి రెండు పొద్దున తలుపులు తీస్తాం.
లోపలేముందో చూడకుండా కొనాలి, అదే ఆట.
ఐదువేల యెన్‌లు చేతిలో పెట్టి
ఏడాదికి సరిపడా అదృష్టాన్ని
చంకనెత్తుకుని పోతారు జనం.

అదృష్టం ఎలా తయారవుతుందో చెప్తాను, వినండి.

ఒకటి మంచిది. నలుగురిలో వేసుకునేది.
రెండు, ఫరవాలేదనిపించేవి.
ఇంకొకటి,
మూడేళ్ళుగా అరలో కూర్చుని మమ్మల్నే చూస్తున్నది.
మంచిది పైనుండాలి.
దూరిన చెయ్యి మొదట దాన్నే తాకాలి.
పదిహేడేళ్ళ కిందట షిగెనో గారు నేర్పిన కిటుకిది.
"తిరగేసిన అన్నంముద్దమ్మా ఇది,
ఊరిన రేగుపండు నడిమధ్యన కాదు, నెత్తి మీద పెట్టాలి"
అనేది, సంచి మూతికి పిన్ను కొడుతూ.
ఆవిడ పోయింది. పిన్నుల మిషను అదే.

ఆవపిండి రంగు మఫ్లరు ఒకటుంది.
ఇన్నేళ్ళకి నాకది చుట్టమైపోయింది.
నిరుడు ఎవరి సంచి అడుగునో తోసి పంపించాను,
మూడో రోజుకి రసీదైనా లేకుండా తిరిగొచ్చింది.
అంతకుముందేడూ ఇదే కథ.
పిల్లిని గోనెలో కట్టి ఏరు దాటించినా
మనకంటే ముందు ఇల్లు చేరి
మూతి నాక్కుంటూ కూర్చున్నట్టు.

ఈసారి తిరిగి రావడానికి దుకాణం ఉండదు.
మార్చి ఆఖరుకి మూత.
నవంబరులో ఎస్కలేటరు పక్కన నిలబడి
రేపటి వాన కబురు చెప్పినట్టు చెప్పాడు కువబారా గారు.
ఎవరూ ఏడవలేదు.
ఎవరో హ్యాంగర్ల లెక్క అడిగారు.

నగిసాకి పందొమ్మిదేళ్ళు, ఇదే మొదటి శీతాకాలం.
స్టేషను అవతల కొత్త మాల్‌లో
సంచిలో ఏమేముంటాయో ముందే బొమ్మలేసి చూపిస్తారట,
ఇంట్లో కూర్చుని ఫోన్లోనే కొనొచ్చట.
"అయితే అది అదృష్టమెందుకవుతుంది,
సామాను అవుతుంది" అన్నాను.
ఆ పిల్ల నవ్వి, సగం సంచులకి
ధర చీటీలు తలకిందులుగా అంటించింది.
మళ్ళీ పీకి మళ్ళీ అంటించాం.
వేళ్ళ కొసల్లో జిగురు, గోళ్ళ సందుల్లో ఎర్రరంగు.

వరసలో ముందెవరుంటారో నాకు తెలుసు.
టాక్సీ తోలే పెద్దాయన. మడత కుర్చీ తెచ్చుకుంటాడు.
ఆడవాళ్ళ సంచే కావాలి, మధ్యరకం కొలతే కావాలి.
ఎవరికని ఏ ఏడాదీ మేం అడగలేదు.
మూడు సంచులు ఎత్తి దించి, పుచ్చకాయలు బేరమాడేవాడిలా
చెవి దగ్గర పెట్టుకుని ఊపి,
బరువున్నదే తీసుకుంటాడు.

పన్నెండు దాటింది. రెండువందల తొంభై తొమ్మిది.
కువబారా గారు మూడుసార్లు లెక్కపెట్టాడు,
నాలుగోసారి పెదాలు కదపకుండా.
ఆఖరి సంచి నా ముందుంది.
బూడిదరంగు ఉన్ని కోటు, చేతితొడుగులు,
గుండీ ఊడిన స్వెట్టరు.
గుండీ మాత్రం వెతికి కుట్టాను. దారం రంగు కలవలేదు.

మఫ్లరు చేతిలోకి తీసుకున్నా.
పదిహేడేళ్ళలో మొదటిసారి
షిగెనో గారి మాట తప్పాను.
కోటు అడుగున మడిచి,
దీన్ని పైన పరిచాను,
అంచులు సరిచేసి, కుచ్చులు బయటకి కనపడకుండా.
పో. ముందు నిన్నే తాకనీ.
టక్కుమంది పిన్ను.

వెనక తలుపు గుండా బయటికొచ్చాం.
వరస కోసం తాళ్ళు అప్పుడే కట్టేశారు,
ఖాళీ దారికి అటొకటి ఇటొకటి.
ఇంకా రెండు రోజులుంది.
తాడు మొదట్లో, తలుపుకి ఆనించి,
ఒక మడత కుర్చీ,
దాని మీద అరచెయ్యి మందాన మంచు.

నగిసా ఫోటో తీసుకుంది.
నేను దులిపి వచ్చాను.
తెల్లారేసరికి మళ్ళీ పడుతుంది, తెలుసు.