ఇరవై ఆరు

ధనుర్మాసం. కంచరపాలెంలో మా కిటికీ సందులోంచి
ఓడ కూత ఒకటి చలితో కలిసి లోపలికొచ్చింది.
బాల్కనీలో నీలం డ్రమ్ము.
నిన్నటి కుళాయి నీళ్లు క్లోరిన్ వాసన పోగొట్టుకుని
ఏమీ ఎరగనట్టు పడుకున్నాయి.

పోయిన ఏడు ఇలాంటి నీళ్లనే
బేగి అయిపోవాలని చెంబుతో దిమ్మరించాను.
తెల్లారేసరికి నాలుగు ఏంజెల్ చేపలు
తెరచాప పడిపోయిన పడవల్లా పక్కకి ఒరిగాయి.
నూకరత్నం ఏమీ అనలేదు.
టిఫిన్ డబ్బా మూతలో వాటిని పెట్టుకుని
కరివేపాకు కుండీ దాకా నడిచింది, అంతే.

ఇప్పుడు తొందర లేదు.
లోకోషెడ్డులో ముప్పై ఏళ్లు కరెంటుతో కాపురం చేసినవాణ్ణి,
అయినా పైకే చదువుకుంటాను:
ముందు రాడ్డు మునగాలి, తర్వాతే స్విచ్చి.
కర్రకి వేలాడాలి, బకెట్టు ఒంటికి తగలకూడదు.
స్విచ్చి ఆపు. ప్లగ్గు పీకు. కాసేపు ఆగు.
అప్పుడు చెయ్యి.

"మోచెయ్యి పెట్టి చూడండి" అంటుంది నూకరత్నం.
ఘోషాసుపత్రిలో ఆయాగా
ఎంతమంది పసికందుల నీళ్లు చూసిందో ఆవిడ మోచెయ్యి!
నేను థర్మామీటరే చూస్తాను. ఇరవై నాలుగున్నర.
"ఇంకొంచెం" అంటుంది, అటు చూడకుండానే.

ఇరవై ఆరు.
సన్న గొట్టంలోంచి దారమంత ధార.
మిగిలిన ఒక్క ఏంజెల్
రెక్క విప్పి, ధార కిందికే వచ్చి నిలబడింది.

బకెట్టు అడుగున ఇంకా గోరువెచ్చన.
ఆవిడ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని
పగిలిన మడమలు అందులో పెట్టింది,
"ప్లగ్గు తీసేసేరా?" అని
మళ్లీ ఒకసారి అడిగాకే.