మూడో గడి

బల్లరాట్‌లో జూలై. గరాజ్ నేల మీద కాలు పెడితే
చలి మోకాలి దాకా ఎక్కుతుంది.
నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న నన్ను
ఒక పీవీసీ గొట్టం లేపింది.

వెళ్లి చూద్దును కదా,
నలుగురు పిల్లలు, ఒక రంపం,
నా వంటిల్లు సగం.

ఏడో తరగతి సైన్సు, గ్రూపు ప్రాజెక్టు.
ఇంట్లో దొరికేవాటితో వాద్యాలు చెయ్యాలి,
పట్టిక గియ్యాలి.
మొదటి గడిలో వస్తువు. రెండో గడిలో కొలత.
మూడో గడిలో: శబ్దం ఎలా ఉంది?

ఫిన్ గొట్టాలు కోస్తున్నాడు.
ముప్పైమూడు సెంటీమీటర్లు కోయాల్సింది
కబుర్లలో పడి ముప్పైఒకటి కోశాడు.
పొట్టిదైన కొద్దీ గొంతు సన్నబడుతుందని
వాడికి అప్పుడే తెలిసింది,
తెగిన ముక్క అతుక్కోదని కూడా.

తుయెత్ వాళ్ల తాత గాలం తీగను
టిష్యూ డబ్బా మీద బిగించి
చెవి ఆనించి కూర్చుంది, ఎవరితోనూ మాట్లాడకుండా.
నీళ్లు పోసిన సీసాల్లో ఒకటి ఆవకాయది.
మూడుసార్లు కడిగారట.
ఊదబోయి ఫిన్ ఆరు తుమ్ములు తుమ్మాడు.
అదీ శబ్దమే, రాయండి అన్నాను.

మేవ్ మాత్రం పొద్దుటినుంచీ
అట్ట మీద ప్రాజెక్టు పేరు రాస్తోంది, తళుకుల జిగురుతో.
"అదేమీ చెయ్యదమ్మా, మార్కులు మాత్రం సమానం"
అంది హవిష, తెలుగులో.
ఇన్నాళ్లూ దాని తెలుగు చాడీలకే పనికొచ్చింది.

పట్టిక చూశాను.
మూడో గడి నిండా "గట్టిగా", "మెల్లగా",
"గట్టిగా", "కొంచెం గట్టిగా".
గట్టిగా ఏమని?
"దానికి మాటలుండవమ్మా."

ఉండకపోవడమేమిటి!
నిద్ర ఎటో పోయింది నాకు.
మైలో డబ్బాలో కందిపప్పు పోసి ఊపాను: గలగల.
ఒంపేసి, బొంబాయి రవ్వ: సరసర.
రెండే రెండు శనగలు వేసి: లొడలొడ.
చెంచాతో ఆవకాయ సీసాని: ఖంగు.
తుయెత్ తీగ మీటింది: జుయ్యి.
ఫిన్ చెప్పుతో గొట్టం మూతి మీద చరిచాడు: బొంయ్.
ఎవరూ అడక్కుండానే గరాజ్ తలుపు: కిర్రు.

లోడా లోడా, లోడా లోడా, అని
ఫిన్ గరాజంతా తిరిగాడు.
"ఎలా రాస్తారు?" అంది మేవ్,
ఆ పూట దాని మొదటి ప్రశ్న.
కిరాణా బిల్లు వెనక రాసిచ్చాను.
చూసి దించింది.
దానికది అక్షరం కాదు, బొమ్మ.
అందుకే కాబోలు, నా రాత కంటే గుండ్రంగా వచ్చింది.
హవిష వేలు పెట్టి చదవబోయి
'డ' దగ్గర ఆగిపోయింది.
మేవ్ అందించింది.

రాత్రి మళ్లీ ఆసుపత్రి. చీకటి గది.
ఒక పెద్దాయన పక్కటెముకల కింద జెల్ రాసి
ప్రోబ్ ఆనించాను.
నా బతుకూ శబ్దం మీదే,
ఏ చెవికీ వినపడని శబ్దం.
పన్నెండేళ్లుగా మనుషుల్లోకి పంపుతున్నాను,
తిరిగొచ్చినదాన్ని తెర మీద చూస్తున్నాను.
మూత్రపిండంలో రాయి. ఏడు మిల్లీమీటర్లు.
రెండో గడి నిండింది.
ఆయన పైకప్పు చూస్తూ అడిగాడు,
"ఏమన్నా వినిపిస్తోందా?"
లేదండీ అన్నాను.
నోట్లో మాత్రం
ఏదో మాట వెతుక్కుంటూనే ఉన్నాను ఇల్లు చేరేదాకా.

ప్రాజెక్టుకి ఇరవైకి పదిహేడు.
మూడో గడి పక్కన మిస్ ప్రిచర్డ్ ఎర్ర సిరాతో:
"బాగుంది. కానీ ప్రమాణం ఏమిటి?"

డబ్బాలో పప్పు పారెయ్యబుద్ధి కాలేదు.
మంగళవారం కుక్కర్లో పెట్టేశాను.
తింటుంటే హవిష పళ్ల కింద ఏదో
టక్కుమంది.
ఫిన్ చొక్కా గుండీ.