నాలుగో సీసా

సిరొంచల నా మందుల దుకాణానికి
గడ్చిరోలి నుంచి ఇన్‌స్పెక్టర్ సారు వచ్చిండు.
దగ్గుమందు నాలుగు సీసాలు తీసి
లక్క కరిగించి, సీలేసి
ఒకటి నా చేతిల పెట్టిండు:
"ముట్టకు. ఇది సాక్ష్యం."

డబ్బాల మిగిలినయి అమ్మద్దనలే.
అమ్మిన.

ప్రాణహిత పొంగింది, తీసింది.
అప్పుడొచ్చింది నాగపూర్ కాగితం.
"ప్రమాణానికి తక్కువ"
మరాఠీల చదివిన,
తెలుగుల వణికిన.

బిల్లుబుక్కు తిరగేస్తున్న.
ఆ బ్యాచ్ నంబరుకు ఎదురుగ
ఆత్రం లచ్చుబాయి,
అంకీస బస్సు దిగిన ముసలాయన,
చంటిపిల్లకని అడిగిన ఒకామె.
బిల్లు వద్దన్నోళ్లు ఎందరో!
చిల్లర అందుకున్న చేతులు యాదికున్నయ్,
మొఖాలు లేవు.

అల్మారాల లక్కముద్ర కింద
ఆ ఒక్క సీసా మాత్రం
ఏ దగ్గునూ తాకకుండ
భద్రంగ ఉంది.