కాస్త చోటు

బల్లారత్‌లో జూలై చలి.
చర్చి వెనక హాల్లో హీటరు
ముసలి పిల్లిలా గురగురమంటుంది గానీ వెచ్చబడదు.
పదకొండు మందిమి, పదకొండు చాపలు.
నా టీషర్టు కింద ఒకదాని మీద ఒకటి
రెండు స్పోర్ట్స్ బ్రాలు.
ఊపిరి పీల్చడం నేర్చుకుందామని వచ్చి
ఊపిరాడకుండా బిగించుకుని కూర్చున్నాను.

"బాలాసన" అంది మొరీన్.
ఆ 'లా' ఆమె నోట్లో చూయింగ్ గమ్‌లా సాగింది.
మడమల మీద కూర్చుని ముందుకు వంగండి,
నుదురు నేలకు ఆనించండి.
అందరి నుదుళ్లూ ఆనాయి.
నాది జానెడు ఎత్తున గాల్లో ఆగిపోయింది.
తొడలకీ నాకూ మధ్య
నేనే అడ్డం.

పసిపిల్లల భంగిమట.
నిజమే, పసిపిల్లకి ఏముంటుంది అడ్డం?
నాకూ పన్నెండేళ్లదాకా ఏమీ లేదు.
మానుకోట బళ్లో ఖోఖో ఆడితే
నన్ను అందుకున్నవాళ్లు లేరు.
ఎనిమిదో తరగతిలో ఓ మధ్యాహ్నం
గోడెక్కి కూర్చున్న మగపిల్లలు
నా పరుగుకి తాళం వేశారు.
అంతే, తాళం పడిపోయింది.
కాలు నొప్పని చెప్పి కూర్చున్నదాన్ని
ముప్పై ఒక్క ఏళ్లకి గానీ లేవలేదు.

ఆ తర్వాత చేతులు రెండూ పుస్తకాలకే.
గుండెల మీద సాంఘికశాస్త్రం, దాని మీద అట్లాసు.
భూగోళమంతా అడ్డం పెట్టినా
దాగనిది దాగదు.
"గూని పడుతుందే, నిటారుగా నడువు" అనేది సుగుణత్త,
తను వంగే నడుస్తూ.

మొరీన్ వచ్చి నా పక్కన చతికిలబడింది.
అరవై రెండేళ్లు. ఆమెదీ నాలాంటి ఒళ్లే,
ఇంకో రెండు సైజులు ఎక్కువే.
గొంతు తగ్గించలేదు. అది నాకు నచ్చింది.
"మోకాళ్లు ఎడంగా పెట్టు. ఇంకా ఎడంగా.
ఇవన్నీ కనిపెట్టినాయనకి రొమ్ములు లేవు,
పాపం, ఆయన తప్పేముంది?"

రొమ్ములు.
ఆ మాట తెలుగులో నేను పైకి ఎప్పుడన్నానో గుర్తు లేదు.
టైలరు దగ్గర కూడా "ఇక్కడ" అనేవాళ్లం,
"ఇక్కడ కాస్త వదులు" అని.

చర్చిలో మోకాళ్ల కింద వేసుకునే దిండు,
ఎవరో ముసలమ్మ ఊలుతో గొర్రెపిల్లని కుట్టినది,
తెచ్చి నిలువుగా నా కింద పెట్టింది.
రొమ్ములు చెరోవైపు దిగాయి.
నుదురు గొర్రెపిల్ల మీద వాలింది.
ఎవరెవరివో ప్రార్థనలు దుమ్ము వాసన వేశాయి.
చాలాసేపు లేవలేదు నేను.

మూడో వారం సర్వాంగాసనం.
కాళ్లు పైకి లేచాయి, ఇవి కిందికి దిగాయి,
గొంతు మీదికి, గడ్డం మీదికి.
నా ముక్కు మీద నేనే కూర్చున్నట్టు.
మొరీన్ ఓ పసుపు పట్టీ పట్టుకొచ్చి
చంకల కిందుగా చుట్టి బిగించింది.
వడ్డాణం దారి తప్పి పైకెక్కిందనుకున్నాను.
నవ్వొచ్చింది. తలకిందులుగా నవ్వితే
కన్నీళ్లు కనుబొమల్లోకి పోతాయి.
సరే, గోడకి కాళ్లు ఆనించి పడుకో, చాలు, అంది.
అదీ ఆసనమేనట.

శవాసనంలో మాత్రం ఇప్పటికీ
అలిగిన తోటికోడళ్లలా చెరో చంకలోకీ జారిపోతాయి.
పక్కకి తిరిగి, దిండు కావిలించుకుని పడుకుంటాను.
శవాలు ఒత్తిగిలకూడదని ఎవరన్నారు?

గరుడాసనంలో మోచేతులు కలవవు.
కలవక్కర్లేదంది.
ఎడమ చేత్తో కుడి భుజం,
కుడి చేత్తో ఎడమ భుజం పట్టుకోమంది.
పట్టుకున్నాను.
అవే చేతులు.
మధ్యలో అట్లాసు లేదు.

నిన్న వాళ్లమ్మ వెనకే కొత్తగా ఒకమ్మాయి వచ్చింది.
పదమూడు ఉంటాయేమో.
నవంబరు ఎండలో కూడా జిప్పు మెడదాకా.
బాలాసనంలో ఆమె నుదురు
జానెడు ఎత్తున ఆగింది.
మొరీన్ అటు చివర ఎవరి నడుమో సరిచేస్తోంది.
నా గొర్రెపిల్లని చేత్తో మెల్లగా అటు తోశాను.
ఆమె చూడలేదు. చాప అంచున ఆగింది దిండు.
కాసేపటికి
గోళ్లు కొరుక్కున్న చెయ్యి ఒకటి వచ్చి
దాన్ని లోపలికి లాక్కుంది.