అమ్ముడైపోయిన పూస

గురువారం ఒనకడెల్లి సంతలో
గోనెపట్టా మీద పూసలు పరిచాను.
సాలూరు నుంచి రెండు బస్సులు, ఒక జీపు.
మా అత్త అడ్డపొగ తాగుతూ చూపించిన దారి:
నిప్పు నోటి లోపల,
మాట పెదవి చివర.

గురుబారి కిర్సాని కొండ దిగి వచ్చింది.
మెడ నుంచి నడుము దాకా పూసలే,
అయినా ఇంకొకటి కావాలంది, పసుపుది.
మొగుడు వదిలిపోయిన పొగగొట్టానికి
అంచున ఒకటి రాలిపోయిందట.

డబ్బాలన్నీ కెలికింది.
ఒక్కోటీ పంటి కింద పెట్టడం, ఉమ్మడం.
ప్లాస్టిక్. ప్లాస్టిక్. ఇదీ ప్లాస్టిక్కే.
గాజయితే పంటికి చల్లగా తగలాలి.
సిగ్గేసి, అత్తనాటి గుత్తి
సంచి అడుగునుంచి తీశాను.

ఈలోగా ఉప్పు తవిటయ్య కొడుకు
ఫోనులో బొమ్మ చూపించాడు:
ఆఫ్రికాలో కామెరూన్ అట,
బాముం రాజులు తాగిన గొట్టమట.
మట్టి తలకాయ, ఉబ్బిన బుగ్గలు,
మనిషంత కాడ, దాని చుట్టూ నీలం పూసలు.

గురుబారి ఫోను లాక్కుని
చాలాసేపు చూసింది.
ఏ రాజని అడగలేదు,
ఎంత దూరమనీ అడగలేదు.
తెర మీద ఒకచోట గోరుతో గీకి
"ఇక్కడొకటి పోయింది" అంది.
నిజమే.
మా ఇద్దరికీ కనపడలేదు.

రెండు పూసలకి డబ్బులిచ్చింది.
పసుపుది బుగ్గన పెట్టుకుంది.
నీలంది నా అరచేతిలో పెట్టి
అటు పోయేవాళ్ళు దొరికితే ఇమ్మంది.

నాలుగు సంతలయింది.
చిల్లర తీసినప్పుడల్లా వేలికి తగులుతోంది.
బేరం అడిగినవాళ్ళతో
అమ్ముడైపోయిందని చెబుతున్నాను.